అంటు కింద చిగురు

ఆదిలాబాదు చలి గురించి చెబితే కోస్తా బంధువులు నవ్వుతారు. చలికాలంలో రాత్రి ఐదారు డిగ్రీలకు దిగి, మధ్యాహ్నానికి గొడుగు వెతుక్కునే ఎండ కాసే ఊరు మాది. ఆ చలికి గులాబీ చావదు. సిమ్లాలో అంతకు మించిన చలిలోనూ బతుకుతోంది. కాని పగటి వెచ్చదనం, రాత్రి చలి, తెల్లవారుజాము తేమ ఒకచోట చేరితే బూడిద తెగులుకు పండుగ. చిగుళ్ళ మీద విభూతి చల్లినట్టుంటుంది, మొగ్గలు విచ్చవు. గత చలికాలం మా మడిలో జరిగిందదే. అంతకు ముందే, వానల్లో, ఎండు తెగులు పట్టి ఉంది. పద్నాలుగు మొక్కల్లో సంక్రాంతికి మిగిలినవి ఐదు.

ఎండు తెగులు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కత్తిరించిన చోట కొమ్మ నల్లబడుతుంది. ఆ నలుపు పైనుంచి కిందికి దిగుతుంది. అంటు కట్టును తాకిందా, ఇక ఆశ వదులుకోవలసిందే. నలుపుతో పాటు పచ్చని భాగం రెండంగుళాలు కలిపి కోసి, కోతకు రాగి మందు ముద్ద పుయ్యాలి. కోసిన పుల్లలు మడిలో ఉంచకూడదు.

చచ్చాయనుకున్న మొక్కలు కొన్ని మాఘంలో చిగిర్చాయి. మా అమ్మ సంతోషం చెప్పతరం కాదు. రోజూ పూజకు పువ్వు ఉండాలి ఆవిడకు. తీరా చూస్తే చిగుళ్ళన్నీ అంటు కట్టు కిందినుంచి, ఆకుకు ఏడేసి చిన్నాకులతో వచ్చాయి. పైది పోయి, అడుగునున్న అడవి గులాబీ లేచిందన్న మాట.

"దాది బతికి బిడ్డ పోయిందట్రా!" అంది అమ్మ.

షికాగోలో ఉన్న మా మేనల్లుడి తోటలోనూ ఇదే కథ. కాకపోతే అక్కడ చంపేది గడ్డకట్టే చలి. అందుకని అక్కడివాళ్ళు అంటు కట్టును రెండు మూడు అంగుళాలు మట్టిలో పాతుతారు. మన దగ్గర కట్టు నేలకు పైనే ఉండాలి, లేకపోతే కుళ్ళుతుంది. చదివి తోట వేసేవారు ఆ పుస్తకం ఏ దేశానిదో చూసుకోవడం మంచిది. బి.పి. పాల్ గారి 'ది రోజ్ ఇన్ ఇండియా' 1966లో వచ్చింది. గోధుమ శాస్త్రజ్ఞుడై ఉండి గులాబీ కోసం అంత శ్రమపడ్డ మహానుభావుడాయన.

గులాబీ పోయిన గుంటలోనే గులాబీ నాటితే కొత్తది అలుగుతుంది. పాత మట్టిలోని బూజులూ నులిపురుగులూ లేత వేళ్ళను పట్టుకుంటాయి. అంచేత తొమ్మిది గుంటలూ అడుగున్నర లోతు తవ్వించి, ఆ మట్టి జామచెట్టు కింద పోయించి, వేసవంతా ఎండనిచ్చాం. వానాకాలం బంతి వేశాం. బంతి వేళ్ళంటే నులిపురుగులకు పడదు. ఈ ఆశ్వయుజంలో కొత్త మట్టి, చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి గుంటలు నింపాం.

నర్సరీ నుంచి ఎనిమిది మొక్కలు వచ్చాయి. మా ఆవిడ రంగు చూసి ఎంచింది, నేను మొదలు చూసి. కొంత వాదన జరిగింది, వివరాలు అనవసరం. తొమ్మిదో గుంటకు అమ్మ అంటు మొక్క వద్దంది.

"అంటే లేకపోతే పైదీ కిందిదీ అన్న పేచీ ఉండదు కదురా!"

పొరుగింటి నుంచి నాటు గులాబీ కొమ్మ తెప్పించి తనే గుచ్చింది. పువ్వు ఒక్క పూటకే రాలుతుంది గాని, వాసన వీధి దాకా వస్తుంది. తెలుగు మేష్టర్ని కనుక ఒక మాట: పారసీలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. మనం పువ్వును పన్నీరు పేరుతో పిలుస్తున్నాం. ఈ నాటుదానికి ఆ పేరు చెల్లుతుంది.

నిన్న ఆ కొమ్మ కణుపుల దగ్గర రెండు ఎర్రని మొటిమలు కనిపించాయి. వేరు పట్టిందో లేదో లాగి చూడవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాం.