గాలికి ఎదురీదిన గామా

వాస్కో డ గామా అనగానే 1498 మేలో కోజికోడ్ దగ్గరి కాప్పాడ్ తీరం చేరిన ఘట్టమే అందరూ చెబుతారు. ఆయన వెనక్కి ఎలా వెళ్ళాడో ఎవరికీ పట్టదు. ఆ మనిషిని అంచనా వేయాలంటే చూడాల్సింది అదే. ఆఫ్రికా తీరంలోని మాలిందిలో దారి తెలిసిన సరంగును ఎక్కించుకుని ఏప్రిల్ 24న తెరచాప ఎత్తితే, నైరుతి గాలి 23 రోజుల్లో మలబారు కొండలు చూపించింది. తిరిగి వెళ్ళాలంటే ఈశాన్య గాలి నిలదొక్కుకునే దాకా ఆగాలని ఆ రేవుల్లో కళాసీలకు కూడా తెలుసు. కోజికోడ్ పాలకుడు జామొరిన్‌తో చెడిన గామా ఆగలేదు. అక్టోబరు 5న భారత పడమటి తీరంలోని అంజదీవు దీవిని విడిచిన ఓడలు ఆఫ్రికా నేల చూసేసరికి జనవరి 2. దాదాపు మూడు నెలలు! చిగుళ్ళు వాచి పళ్ళను కప్పేస్తే, తిండి నమల్లేక 30 మంది దాకా పోయారు. ఓడకు ఏడెనిమిది మందే పనిచేసే స్థితిలో మిగిలారు. నడిపే చేతులు చాలక మొంబాసా దగ్గర సావ్ రఫాయెల్ ఓడను తగలబెట్టేశారు.

వచ్చేటప్పుడు అట్లాంటిక్‌లో ఆయన చూపిన తెగువను కాదనలేం. కానీ అరేబియా సముద్రంలో ఆ 23 రోజుల ఘనత సరంగుది, గాలిది. గామా సొంత తెలివి తేల్చింది మాత్రం ఈ మూడు నెలలనే.