బెల్ట్ పదే పదే తెగుతుంటే తప్పు బెల్ట్‌ది కాదు

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఇక్కడ మనం పోడు పట్టాలు, డీఎస్సీ, స్కాలర్‌షిప్పులు, జీవోల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి నేను బండిలో ఉండే ఒక చక్రం గురించి రాస్తున్నా. దాన్ని క్రాంక్ పుల్లీ అంటారు. డీజిల్ ఇంజిన్ ముందు వైపు, కింద, బెల్ట్‌ని తిప్పే పెద్ద చక్రం అది. దానిలోనే డ్యాంపర్ ఉంటుంది. నేను చెప్పేది ఒక్కటే. ఆ పుల్లీ పాడైతే పుల్లీనే మార్చాలి. కొత్త బెల్ట్ వేసి పంపేయడం ఆగాలి. ఆ పని మన కుర్రాళ్ళ చేతికి రావాలి.

ఇది డ్రైవర్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. పాడేరు ఘాట్ అయినా, అరకు ఘాట్ అయినా, మారేడుమిల్లి ఘాట్ అయినా, బస్సు రాని ఊళ్ళకు జీపులు, పికప్‌లు, మినీ లారీలే ఆధారం. కాఫీ, మిరియాలు, పసుపు బస్తాలు వాటిలోనే దిగుతాయి. సంతకెళ్ళే అమ్మలు, హాస్టల్‌కి తిరిగొచ్చే పిల్లలు కూడా వాటిలోనే వస్తారు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం ఉంది. కానీ వేరే బండి లేని చోట ఆ చట్టం ఎవరికి గుర్తుంటుంది? కాబట్టి ఆ బండి ఇంజిన్ ఎలా ఉందనేది మన అందరి ప్రాణాల విషయం.

ముందు ఆ పుల్లీ ఏం చేస్తుందో చెప్తా. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు డీజిల్ మండి దాన్ని తోస్తుంది. నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగితే నాలుగు వేల తోపులు. ప్రతి తోపుకీ ఆ ఇనుప కడ్డీ కంటికి కనపడనంత మెలి తిరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఆ మెలికల అదురుని మింగడానికే డ్యాంపర్ పెట్టారు. లోపల క్రాంక్‌కి బిగించే హబ్, బయట బెల్ట్ గాళ్ళు ఉన్న బరువైన రింగు, రెండిటి మధ్యలో రబ్బరు. అదురంతా ఆ రబ్బరే పట్టుకుంటుంది.

రబ్బరు ఎప్పటికీ ఉండదు. ఇంజిన్ వేడికి గట్టిపడి పగులుతుంది. ముందు ఆయిల్ సీల్ కారుతుంటే ఆ నూనె తగిలి ఉబ్బి మెత్తబడుతుంది. ఇంకొన్నాళ్ళకి బయటి రింగు హబ్ మీద జారడం మొదలెడుతుంది. రింగు వంకరగా తిరిగితే బెల్ట్ కూడా వంకరగా నడుస్తుంది. అంచులు పీచు లేస్తాయి, కీచుమంటుంది, చివరికి తెగుతుంది లేదా జారిపోతుంది.

అప్పుడు బండిని షెడ్డుకి తీసుకెళ్తే ఏం చేస్తారు? కొత్త బెల్ట్ వేస్తారు. నెల తిరక్కుండా అది మళ్ళీ తెగుతుంది. మళ్ళీ బెల్ట్. "ఈ కంపెనీ బెల్ట్ బాలేదు" అని ఇంకో కంపెనీది వేస్తారు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర మీద మాత్ర ఇచ్చినట్టు.

బెల్ట్ తెగితే ఆగేది బ్యాటరీ ఛార్జింగ్ ఒక్కటే అనుకుంటారు చాలామంది. చాలా ఇంజిన్లలో వాటర్ పంప్‌ని తిప్పేది కూడా ఆ బెల్టే. ఘాట్ ఎక్కేటప్పుడు తెగితే కొద్దిసేపట్లోనే ఇంజిన్ వేడెక్కిపోతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. దిగేటప్పుడు తెగితే ఇంకా ప్రమాదం. కొన్ని చిన్న డీజిల్ బండ్లలో బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ పంప్ ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. బెల్ట్ పోతే అదీ ఆగుతుంది. రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడుతుంది. బ్రేకు పూర్తిగా పోదు, కానీ రెండు కాళ్ళ బలం కావాలి. వెనక పాతిక బస్తాలు, వాటి మీద మనుషులు, ముందు మలుపు. ఒక్కసారి ఊహించుకోండి.

పుల్లీని అలాగే వదిలేస్తే నష్టం బెల్ట్ దగ్గర కూడా ఆగదు. అదురు మింగేది లేక బోల్టు వదులవుతుంది, కీ గాడి అరుగుతుంది. చాలాకాలం అలాగే నడిపితే క్రాంక్ విరిగే ప్రమాదం కూడా ఉంది. క్రాంక్ పోయిందంటే బండి ఈఎంఐ కట్టే కుటుంబం రోడ్డున పడ్డట్టే.

పుల్లీ సంగతి తెలుసుకోవడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. ఇంజిన్ ఆపి, హబ్ మీద నుంచి రబ్బరు దాటి రింగు దాకా తెల్ల పెయింటుతో ఒక నిలువు గీత గీయండి. వారం పది రోజులు తిరిగాక చూడండి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగితే రింగు జారుతున్నట్టే. ఇంజిన్ నడుస్తుంటే దూరంగా నిలబడి చూడండి, పుల్లీ ఊగుతూ తిరిగితే అదీ గుర్తే. రబ్బరు పగుళ్ళు, బయటికి ఉబ్బడం టార్చ్ లైటుతో కనిపిస్తాయి. చెయ్యి, తువ్వాలు మాత్రం దగ్గరికి పోనివ్వొద్దు.

మార్చే పనిలోనూ మొరటుతనమే ఎక్కువ. బోల్టుకి రాడ్ తగిలించి స్టార్టర్ కొట్టడం ఒక అలవాటు. ఆ రాడ్ తిరిగి తగిలితే చెయ్యి విరుగుతుంది. సరైన పద్ధతిలో బ్యాటరీ తీగ తీసి, బెల్ట్ వదులు చేసి, ఫ్లైవీల్‌ని లాక్ చేసి బోల్టు విప్పాలి. తర్వాత పుల్లర్ని హబ్‌లో ఉన్న మర కన్నాలకి బిగించి లాగాలి. బయటి రింగుకి కొక్కేలు వేసి లాగితే రబ్బరు చిరుగుతుంది. పుల్లీ ఊడాక వెనక ఆయిల్ సీల్ చూడాలి, కారుతుంటే అప్పుడే మార్చాలి. లేకపోతే అదే నూనె కొత్త రబ్బర్నీ తినేస్తుంది. కొత్త పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కించకూడదు, ఆ దెబ్బ లోపల బేరింగ్‌కి తగులుతుంది. మరతో నెమ్మదిగా నొక్కి ఎక్కించి, బోల్టుని టార్క్ రెంచ్‌తో ఆ బండి మాన్యువల్లో రాసిన లెక్కకే బిగించాలి. పెద్ద లారీల్లో కొన్నిటికి రబ్బరు బదులు లోపల చిక్కటి సిలికాన్ నూనె ఉన్న డ్యాంపర్ ఉంటుంది. దాని డొక్కు మీద సొట్ట పడ్డా పనికిరాదు.

"చెప్పడం తేలికే, డబ్బులెవరిస్తారు?" అని మన డ్రైవర్ అన్నలు అడుగుతారు. అడగాల్సిందే. పుల్లీ ధర బెల్ట్ ధరకి ఎన్నో రెట్లు. కిందికి టౌన్‌కి పోతే ఒకరోజు కిరాయి కూడా పోతుంది. కానీ ఏడాదిలో వేసిన బెల్టులు, కొండ మీద ఆగిపోయిన రోజులు, వేడెక్కి పోయిన గ్యాస్కెట్ ఖర్చు ఒక కాగితం మీద రాసి కూడండి. ఆ లెక్క ఓనరుకి చూపించండి. నష్టం ఓనరుదే అయినా, బ్రేకు గట్టిపడినప్పుడు స్టీరింగ్ దగ్గర ఉండేది మాత్రం మన అన్నే.

ఇక చదువుకుంటున్న మన సంగతి. 2000లో వచ్చిన జీవో నెంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మన టీచర్ పోస్టులు మనకే కావాలని పోరాడాలి, నేనూ ఆ పోరాటంలో ఉంటా. కానీ ఆ ఒక్క దారి వైపే చూస్తూ మిగతా పనులన్నీ బయటివాళ్ళకి వదిలేస్తున్నాం. ఐటీఐలో మెకానిక్ డీజిల్ ట్రేడ్ ఒక్క ఏడాది చదువు, టెన్త్ పాసైతే చాలు. అందులో చేరిన తమ్ముణ్ణి "డిగ్రీ సీటు రాలేదా?" అని అడిగేవాళ్ళు మనలోనే ఉన్నారు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను. డిగ్రీ విలువ నాకు తెలుసు. అయినా చెప్తున్నా, పైన రాసినంత పని పద్ధతిగా చేసే చెయ్యికి డిగ్రీ కన్నా తక్కువ మర్యాద ఇవ్వడం మనకి మంచిది కాదు.

నా ప్రతిపాదన చిన్నది. ప్రతి మండలంలో మన యువజన సంఘం చందాలు వేసుకుని ఒక మంచి పుల్లర్, ఒక టార్క్ రెంచ్ కొని ఉంచాలి. ఐటీఐ చదివిన ఒక తమ్ముడి చేతికి వాటి బాధ్యత ఇవ్వాలి. వచ్చే సంత రోజు స్టాండులో మనవాళ్ళ బండ్లన్నిటికీ ఆ తెల్ల గీత గీద్దాం, తర్వాతి సంతకి మళ్ళీ చూద్దాం. ఖర్చు ఒక చిన్న పెయింట్ డబ్బా.

మీ మండలంలో ఎవరు ముందుకొస్తారో కింద రాయండి. ఐటీఐ చదివిన అన్నలు నా దానికి ఇంకేమైనా కలపాలంటే కలపండి.

జై ఆదివాసీ.