కొరుకుడుపడని సంఖ్య

ఒకటితోనూ, తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. 7, 31 అటువంటివేనని మీ పిల్లలే చెబుతారు. మరి దీని సంగతో?

170141183460469231731687303715884105727

127 రెళ్లను గుణించి, ఒకటి తీసివేస్తే వచ్చే సంఖ్య ఇది. మొత్తం 39 అంకెలు! సెకనుకొక భాగహారం చొప్పున పరీక్షిస్తూ కూర్చుంటే వందల కోట్ల ఏళ్లు పడుతుంది.

అయినా ఇది ప్రధాన సంఖ్యేనని ఫ్రెంచి గణితవేత్త ఎదువార్ లూకా 1876లో చేతిలెక్కతోనే తేల్చాడు. ఆయన ఉపాయాన్ని 1930లో లేమర్ అనే అమెరికన్ మరింత సులువు చేశాడు. మీరూ చేసి చూడండి.

ఐదు రెళ్లను గుణించి ఒకటి తీసివేస్తే 31. ఇప్పుడు 4తో మొదలుపెట్టండి. దాని వర్గంలోంచి 2 తీసివేస్తే 14. మళ్లీ అలాగే చేస్తే 194. దాన్ని 31తో భాగిస్తే శేషం 8. ఎనిమిది వర్గం 64. రెండు పోగా 62. అది 31తో నిశ్శేషంగా పోయింది! కనుక 31 ప్రధాన సంఖ్యే. ఐదు రెళ్లకు మూడు మార్లు చేశాం. 127 రెళ్లకు 125 మార్లు చెయ్యాలి. అంతే తేడా!

లూకా సంఖ్యను మించిన ప్రధాన సంఖ్య 1951 దాకా, అంటే 75 ఏళ్లపాటు, ఎవరికీ దొరకలేదు. 2024లో 4,10,24,320 అంకెలది ఒకటి దొరికింది. కంప్యూటర్లు దాన్ని ధ్రువపరచిందీ ఈ పద్ధతిలోనే!