పులుసన్నం కలిపే చెయ్యి

మా పైవాటాలో ఉండే అమ్మాయి మొన్న ఆదివారం స్వీటు డబ్బాతో కిందికి వచ్చింది. ఓటీ పాసై ఉద్యోగంలో చేరుతోందట. "ఆపరేషన్ థియేటర్లోనా తల్లీ?" అని మా ఆవిడ అడిగింది. "కాదాంటీ, ఆక్యుపేషనల్ థెరపీ" అని ఆ పిల్ల నూటొకటోసారి ఓపిగ్గా చెప్పింది. పిల్లల థెరపీ సెంటర్లో పని.

గురువారానికి మొహం వాడిపోయింది. చేరిన రెండోరోజే ఆరుగురు పిల్లల్ని అప్పజెప్పారు, ఒక్కొక్కరికి ముప్పావుగంట. ఆటిజం ఉన్న ఒక బాబు గదిలోకి రాగానే చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకున్నాడు. "ఏం చెయ్యాలో అడుగుదామంటే, పక్క గదిలో ఉన్నామె నాకంటే మూణ్ణెల్లే సీనియర్ అంకుల్" అంది.

ఈ వారం నా కోపమంతా ఆ మూణ్ణెల్ల మీదే.

ఇది నిన్న మొన్న పుట్టిన వృత్తి కాదు. మన దేశపు కోడలై వచ్చిన అమెరికన్ వనిత కమలా నింబ్కర్ 1950లో ముంబై కేఈఎం ఆసుపత్రిలో ఈ చదువు మొదలుపెట్టారు. రెండేళ్లకే అఖిల భారత సంఘమూ ఏర్పడింది. 2016 చట్టంతో వైకల్యాల జాబితా ఏడు నుంచి ఇరవై ఒకటికి పెరిగి, అందులో ఆటిజమూ చేరింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఏ కాలనీ మలుపు తిరిగినా ఒక థెరపీ సెంటర్ బోర్డు కనిపిస్తుంది. బోర్డులు పెరిగినంత వేగంగా పెద్దదిక్కులు పెరగరు కదా! ఇన్నాళ్లుగా నడిచిన పద్ధతి నాలుగేళ్ల చదువు, ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత అంతా ఎవరికి వారే.

అమెరికాలో ఆ వృత్తి సంఘం ఆమోదంతో నడిచే ఫెలోషిప్‌లు ఉన్నాయి. లైసెన్సు చేతికొచ్చాక, ఇష్టమైన విభాగంలో, దాదాపు ఏడాది పాటు ఒక సీనియర్ కనుసన్నల్లో పని. రోగుల్ని చూసేది కొత్తవాళ్లే, చూసిన తర్వాత కూర్చోబెట్టి "ఇలా ఎందుకు చేశావు?" అని అడిగే మనిషి పక్కనే ఉంటాడు. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని నేననను. ఆ ప్రశ్న అడిగే మనిషి ఉండాలంటాను, అంతే.

ఎందుకంటారా? మా అమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినప్పుడు మొదట ఒక కుర్రాడు వచ్చేవాడు. మంచివాడు, కష్టపడేవాడు. రోజూ మెత్తటి బంతి ఇచ్చి "నొక్కండి అమ్మమ్మా" అనేవాడు. మూడోవారానికి అమ్మ ఆ బంతిని మంచం కిందికి విసిరేసింది. తర్వాత ఒక పెద్దావిడ వచ్చారు. చెయ్యి ముట్టుకోలేదు. "పొద్దున లేచి ఏం చేసేవారండీ?" అని అడిగారు. మర్నాడు అమ్మ ముందు ఒక పళ్లెంలో మల్లెమొగ్గలు, అరటినార. ఆ మర్నాడు గిన్నెలో పులుసన్నం. ముద్ద చెయ్యడానికి బొటనవేలు, మధ్యవేలు ఎలా కలవాలో, ముద్దను నోటిదాకా ఎలా ఎత్తాలో చూపించారు. రెండు నెలలకు అమ్మ తన చేత్తో తను తింది.

ఆ కుర్రాడిని తప్పుపట్టను. అతనికి పుస్తకమే గురువు. ఆ పుస్తకాల సంగతి చూడండి. రోగి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో కొలిచే బార్తెల్ ఇండెక్స్ 1965 నాటిది. పది అంశాలు, వంద మార్కులు. తిండి దగ్గర అది అడిగేదేమిటయ్యా అంటే, ముక్కలు కోసుకోగలరా, వెన్న రాసుకోగలరా అని! మా అమ్మ ఎనభై ఏళ్లలో ఏనాడూ దేనికీ వెన్న రాసి ఎరగదు. అన్నం కలపడం, చీర కుచ్చిళ్లు పోసుకోవడం, పీట మీద కూర్చుని లేవడం వంటివి సీనియర్ చేతి నుంచి జూనియర్ చేతికి అందవలసిన విద్యలు. ఆ అందించే ఏర్పాటే మనకు లేదు.

ఉద్యోగ ప్రకటనలు చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. "రెండేళ్ల అనుభవం తప్పనిసరి" అంటారు. అనుభవం కావాలనేవాళ్లే అందరూ, ఇచ్చేవాళ్లేరీ? ఆ మాటకొస్తే మా పత్రికల వాళ్లం మాత్రం తక్కువ తిన్నామా? నేను చేరిన కొత్తలో నా వార్తను ఎర్రసిరాతో ముంచేసిన సబ్ఎడిటర్ ఒకాయన ఉండేవారు. తిట్టుకుంటూనే నేర్చుకున్నాను. ఇవాళ కుర్ర విలేకరి చేతికి మైకు ఇచ్చి పొద్దునే రోడ్డు మీదకు తోలుతున్నాం. సాయంత్రానికి తప్పు దొర్లితే వాణ్ణే తిడుతున్నాం.

అలైడ్ హెల్త్ వృత్తులకు 2021లో ఒక జాతీయ చట్టం వచ్చింది, దాని కింద కమిషనూ ఉంది. అయ్యా, రిజిస్ట్రేషన్లతో పాటు మొదటి ఏడాది సంగతి కూడా చూడండి. సీనియర్ లేని సెంటర్‌కు కొత్తవాళ్లను తీసుకునే హక్కు ఉండకూడదు. నేర్పే సీనియర్‌కు ఆ గంటలకు జీతం కట్టాలి, నేర్చుకునేవాళ్లకు పూర్తి జీతం ఇవ్వాలి.

అప్పటిదాకా? నిన్న ఆ పెద్దావిడకు ఫోన్ చేశాను. మా పైవాటా పిల్లను ఆదివారాలు పొద్దున తన ఇంటికి పంపమన్నారు. దానికి ఫెలోషిప్ అని పేరు లేదు, సర్టిఫికెట్టూ రాదు. ఇడ్లీ మాత్రం పెడతారట.

— పక్కింటాయన