కొత్తవారికి శిక్షణ చెరువు తెరవండి

మిన్నెసోటాలోని మా కౌంటీ రిట్రీవర్ క్లబ్బు కార్యవర్గ సభ్యులకు,

మా ఇంట్లో ఏడాది నిండని లాబ్రడార్ ఉంది. సెప్టెంబరు చివర్లో బాతుల వేట మొదలవుతుంది. అప్పటికి కూలిన బాతును తెచ్చేలా దానికి శిక్షణ ఇవ్వడానికి సాయం అడిగితే మీరు చెప్పే జవాబు ఒక్కటే: పోటీలకు వచ్చే సభ్యులకే చోటు.

ఈ శిక్షణ ఒంటరిగా అయ్యే పని కాదు. దూరంగా ఒకరు నిలబడి ఖాళీ తూటా పేల్చి బంపర్ అనే శిక్షణ బొమ్మను విసరాలి. ఇంకొకరు కుక్కను పక్కన కూర్చోబెట్టి, బంపర్ పడిన చోటు అది గుర్తుపట్టేదాకా ఆపాలి. తుపాకి చప్పుడు దూరం నుంచి కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. తొందరపడి దగ్గర్లో పేలిస్తే కుక్క జడుసుకుంటుంది, ఆ భయం ఒక్కోసారి జన్మంతా పోదు. శిక్షణ లేని కుక్కతో వెళితే, దెబ్బతిన్న బాతు జమ్ములో దూరి ఎవరికీ దొరక్కుండా చస్తుంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది అదే.

ఇక్కడ చాలామందికి ఈ విద్య తాతతండ్రులే నేర్పుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరమైన భారతదేశం నుంచి వచ్చిన మాకు అలాంటి పెద్దలు లేరు. వృత్తి శిక్షకుడి దగ్గర కుక్కను నెలల తరబడి వదిలే స్తోమత అందరికీ ఉండదు.

మే నుంచి ఆగస్టు దాకా నెలకో శనివారం ఉదయం మీ చెరువు కొత్తవారికి తెరవండి. అనుభవమున్న ఇద్దరు సభ్యులను తోడివ్వండి. రుసుము కడతాం, బంపర్లు విసిరే పని మేమే చేస్తాం. వచ్చే సమావేశంలో దీన్ని ఓటుకు పెట్టి, నిర్ణయం రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
ఒక లాబ్రడార్ యజమాని