నీటి గీత

పిల్లలూ! నెల్లూరు సీమలోని సోమశిల జలాశయంలో 78 టి.ఎం.సి.ల నీళ్ళు పడతాయని పెద్దలు చెప్పుకోవటం మీరు వినే వుంటారు. ఇంతకూ టి.ఎం.సి. అంటే ఏమిటి? వందకోట్ల ఘనపుటడుగులు. వినటానికి బాగానే వున్నది గాని, అది ఎంతో మనసుకు తట్టదు. ఇలా చూడండి. ఎకరానికి 43,560 చదరపుటడుగులు గదా? ఒక్క టి.ఎం.సి. నీళ్ళను అడుగు లోతున నిలబెట్టాలంటే సుమారు 23 వేల ఎకరాల నేల కావాలి! ఇక 78 టి.ఎం.సి.లకు ఎంత కావాలో మీరే లెక్క కట్టండి.

అంత నేల ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే నీళ్ళను పలచగా పరచక, లోతుగా నిలిపే చోటు వెతుకుతారు. పెన్నానది కర్ణాటకలోని నంది కొండల దగ్గర పుట్టి, సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. అది కడప సీమను దాటి వచ్చేటప్పుడు వెలికొండలు దారికి అడ్డం పడతాయి. నది ఆ కొండలను ఒరుసుకుంటూ ఇరుకైన గండి చేసుకుని ఇవతలికి వచ్చింది. ఆ గండి దగ్గరే సోమశిల వున్నది. ఇరుకైన చోట కట్ట కడితే చాలు, వెనక వున్న లోయ అంతా నీళ్ళకు తొట్టి అవుతుంది. 1970లలో అక్కడ ఆనకట్ట పని ఆరంభమయింది.

ఇప్పుడొక చిన్న పరీక్ష చెయ్యండి. అంచు వున్న పళ్ళాన్ని కాస్త వాలుగా పెట్టి నీళ్ళు పోయండి. నీళ్ళు మొదట పల్లపు అంచు దగ్గర చేరతాయి. పోసేకొద్దీ మెల్లిగా వెనక్కు, మెరక వైపుకు పాకుతాయి. ఎంత పాకినా నీటి పైమట్టం మాత్రం సమంగానే వుంటుంది. జలాశయంలో జరిగేదీ అదే. సోమశిల నిండినప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 330 అడుగుల ఎత్తున వుంటుంది. లోయ చుట్టూ అదే ఎత్తులో ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. గీతకు పైన వున్న ఊరు నిలుస్తుంది, కింద వున్న ఊరు మునుగుతుంది. కట్ట వున్నది నెల్లూరు సీమలోనే అయినా, అట్లూరు, నందలూరు, ఒంటిమిట్ట వైపు వున్న కడప సీమ గ్రామాలు ఎన్నో మునగటానికి కారణం ఇదే.

ఆ గీత ఊరి మంచిచెడ్డలు చూడదు. ఇంటికీ పొలానికీ వెలకట్టి పరిహారం ఇవ్వవచ్చు. కాని ఒకే బావి నీళ్ళు తాగి, ఒకే రచ్చబండ మీద కూచున్న ఇరుగుపొరుగువారు తలా ఒక దిక్కుకు పోతే, దానికి వెల ఎవరు కట్టగలరు?

ఇది మన దేశంలోనే కాదు, చాలా దేశాలలో జరిగింది. ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల నడుమ దురాన్స్ అనే నది వున్నది. దానిమీద సెర్-పోన్సోన్ అనేచోట పెద్ద మట్టికట్ట కట్టారు. ఆ జలాశయంలో సుమారు 45 టి.ఎం.సి.లు పడతాయి, అంటే మన సోమశిల కంటె చిన్నది. అక్కడి నీటి గీత 780 మీటర్లు. దాని కింద సావిన్ అనే చిన్న ఊరు వుండేది. 1961లో జలాశయం నిండేలోగా పాత ఊరిని పడగొట్టి, గట్టుమీద కొత్త ఊరు కట్టారు. దాని పేరు సావిన్-ల-లాక్. ఫ్రెంచి భాషలో లాక్ అంటే సరస్సు. ఆ ఊరికి మన పంచాయతీ వంటి కమ్యూన్, సర్పంచి వంటి మేయరు వున్నారు. ఇప్పుడు అక్కడికి జనం పడవ షికారుకు వస్తారు. ఆ పక్కనే వున్న ఉబాయ్ అనే ఊరు కూడా మునిగింది, కాని దాన్ని మళ్ళీ కట్టలేదు. ఒక గుట్టమీద వున్న చిన్న ప్రార్థనామందిరం మాత్రం గీతకు పైన వుండటంచేత మిగిలి, నేటికీ సరస్సు మధ్య దీవిలాగా కనిపిస్తుంది.

మళ్ళీ మన వైపు వద్దాం. సోమశిల నుంచి ఒక పెద్ద కాలువ కలువాయి మండలం మీదుగా కండలేరు జలాశయానికి పోతుంది. అక్కణ్ణుంచి నీళ్ళు సుమారు 177 కిలోమీటర్ల కాలువలో తమిళనాడులోని పూండి చేరి, చెన్నై నగరం దాహం తీరుస్తాయి. ఇదే తెలుగుగంగ. 1983లో రెండు రాష్ట్రాలకూ ఒప్పందం కుదిరింది. 1996లో నీళ్ళు మొదటిసారి తమిళనాడు చేరాయి. ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రలు తలా 5 టి.ఎం.సి.ల చొప్పున కృష్ణ నీళ్ళు ఇవ్వాలి. అంటే మొత్తం 15. కాని సరిహద్దు దగ్గర అందవలసింది 12 అని రాసుకున్నారు. తక్కిన మూడూ ఏమయినట్టు? దారిలో ఎండకు ఆవిరయ్యేవీ, నేలలో ఇంకేవీ ముందే లెక్కవేసి తీసేశారన్నమాట!

ఇక్కడ కూడా ఒక నీటి గీత వున్నది. నీరు తనంతట తాను పల్లానికే పోతుంది గాని మెరక ఎక్కదు గదా? కాలువ మట్టానికి దిగువ వున్న చేను తడుస్తుంది. అదే కాలువ పక్కన నాలుగడుగుల మెరకలో వున్న చేనువాడు నీళ్ళు కళ్ళతో చూస్తూనే వానకోసం ఎదురుచూడాలి. ఆ మెరకకు నీళ్ళెక్కాలంటే పంపులు పెట్టి ఎత్తిపోయాలి, దానికి కరెంటు ఖర్చు అవుతుంది. ఆత్మకూరు, ఉదయగిరి వైపు మెట్టపొలాల రైతులు ఎత్తిపోతల కాలువలు అడగటం ఇందువల్లనే.

ఒక గీత కింద వున్నవారు ఊరు పోగొట్టుకున్నారు. ఇంకో గీత పైన వున్నవారికి నీళ్ళు అందలేదు. ఎక్కడో దూరాన వున్న పట్నంలో కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నాయి. ఈ మూడింటినీ కలిపి చూస్తేనే జలాశయం సంగతి పూర్తిగా తెలిసినట్టు.

ఈ నెల మీరు చెయ్యవలసిన పని ఇది. మీ ఊరి కుళాయిలో వచ్చే నీళ్ళు అంతకుముందు ఎక్కడ నిలిచి వుండేవో, ఆ చోట పూర్వం ఏయే ఊళ్ళు వుండేవో పెద్దవాళ్ళను అడగండి. ఆ ఊళ్ళ పేర్లు మీ నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి.