వార్త రాసేవారికి ప్రకటనల టార్గెట్లు రద్దు చేయాలని, యజమాని ఎవరో పాఠకుడికి తెలపాలని కోరుతూ తీర్మానం

(జిల్లా వర్కింగ్ జర్నలిస్టుల మహాసభ ప్రతినిధుల సమావేశం ఆమోదించినది)

పత్రికల్లోనూ చానళ్లలోనూ వార్తల నాణ్యత దిగజారుతున్నందుకు ఈ మహాసభ ఆందోళన వ్యక్తం చేస్తున్నది. ఇందుకు విలేకరుల బద్ధకమో, చదువు తక్కువ కావడమో కారణమన్న వాదనను సభ అంగీకరించడం లేదు. మండలంలో ఏం జరుగుతున్నదో విలేకరికి తెలుసు. తెలిసీ రాయలేని స్థితి ఎందుకు వచ్చిందన్నదే అసలు విషయం.

మండల విలేకరుల్లో చాలామందికి జీతం లేదు. అచ్చయిన వార్తలను కొలిచి లైన్ అకౌంట్ కింద ఇచ్చే సొమ్ము పెట్రోలుకు చాలదు. ఇల్లు గడిచేది యాడ్ కమీషన్‌తోనే. ఉగాదికి, ఆగస్టు పదిహేనుకు, పత్రిక వార్షికోత్సవానికి, నాయకుల పుట్టినరోజులకు టార్గెట్ వచ్చి పడుతుంది. మండలంలో యాడ్ ఇవ్వగలవారెవరు? ఇసుక కాంట్రాక్టరు, రైస్‌మిల్లు యజమాని, ప్రైవేటు కాలేజీ కరస్పాండెంటు, నర్సింగ్ హోమ్ డాక్టరు, వెంచరు వేసిన రియల్టరు. విలేకరి రాయవలసిందీ వీరి గురించే. సోమవారం యాడ్ కోసం బతిమాలిన గదిలోకి బుధవారం నోట్‌బుక్కుతో వెళ్లి ఫీజుల లెక్క అడగడం ఎవరి తరమూ కాదు. టార్గెట్ తప్పితే ఆ మండలం మరొకరి చేతికి పోతుంది. బెదిరించి డబ్బు గుంజేవారు మనలోనూ ఉన్నారు. సభ వారిని వెనకేసుకు రావడం లేదు. అయితే జీతం ఇవ్వకుండా గుర్తింపు కార్డు చేతికిచ్చి ఊరి మీదికి వదిలిన యాజమాన్యాలకు వారిని తప్పుపట్టే అర్హత లేదు.

డబ్బుకు వార్త లొంగడం మండలంతోనే ఆగదు. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల ప్రచారం డబ్బుకు వార్తలుగా అచ్చయినప్పుడు పశ్చిమ గోదావరి జిల్లా పత్రికలను నమూనాగా తీసుకుని ఆ దందాను బయటపెట్టింది ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్. తర్వాత ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో పాత్రికేయులు పరంజయ్ గుహ ఠాకుర్తా, మన కె. శ్రీనివాసరెడ్డి పనిచేశారు. పత్రికల పేర్లతో సహా వారిచ్చిన 71 పేజీల నివేదికను పక్కనబెట్టి, 2010లో కౌన్సిల్ ఒక పొట్టి నివేదికను ఆమోదించింది. పూర్తి పాఠం బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావలసి వచ్చింది. అందరి గుట్టూ విప్పే వృత్తికి తన గుట్టు విప్పడం మాత్రం ఇంత కష్టమైంది.

ఇక యాజమాన్యాల మార్పు. పాత యజమానులంతా సత్యసంధులని, కొత్తగా వచ్చినవారంతా దుర్మార్గులని సభ భావించడం లేదు. పత్రికల, చానళ్ల కొనుగోళ్లనే నిషేధించాలని సభలో వచ్చిన సవరణ అందుకే వీగిపోయింది. సభ అభ్యంతరమల్లా గోప్యతపైనే. ఫిబ్రవరి దాటాక ఏటా పత్రికల్లో ఓ మూల చిన్న అక్షరాల్లో కనిపించే ఫారం 4లో యజమాని పేరుంటుంది. ఆ యజమాని కంపెనీ అయితే ఒక శాతానికి మించి వాటా ఉన్నవారి పేర్లుంటాయి గానీ, ఆ వాటాదారూ మరో కంపెనీయే అయితే దాని వెనుక ఎవరున్నారో ఉండదు. అప్పుల సంగతి అసలే ఉండదు. ఎన్‌డీటీవీ వ్యవస్థాపకుల కంపెనీ 2009-10లో తీసుకున్న, వాటాగా మార్చుకునే వీలున్న 400 కోట్ల రూపాయలు దాటిన అప్పు పత్రమే 2022లో ఆ చానల్‌లో 29.18 శాతం వాటాను అదానీ గ్రూపు చేతికి చేర్చింది. పదమూడేళ్లు వార్తలు చూసిన ప్రేక్షకుల్లో ఆ పత్రం సంగతి తెలిసినవారు ఎందరు?

కనుక ఈ మహాసభ డిమాండ్ చేస్తున్నది: వార్త రాసే ఏ ఒక్కరికీ ప్రకటనల టార్గెట్ పెట్టరాదు, కంట్రిబ్యూటర్లుగా పనిచేస్తున్న మండల విలేకరులకు నెలవారీ వేతనం ఇవ్వాలి. డబ్బు తీసుకుని వేసిన ప్రతి అక్షరం మీదా ‘ప్రకటన’ అని శీర్షిక సైజులోనే ఉండాలి. వాటాగా మారగల అప్పులతో సహా యాజమాన్య వివరాలను, మార్పు జరిగిన వారంలోగా మొదటి పేజీలో వేయాలి. పత్రికలకూ టీవీకీ స్వతంత్ర నియంత్రణ సంస్థ ఉండాలంటూ 2014 ఆగస్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసిన సిఫార్సుపై కేంద్రం తన వైఖరి చెప్పాలి.

ఈ తీర్మానం ప్రతులను అన్ని యాజమాన్యాలకూ పంపి ప్రచురించమని కోరాలని, వేసిన పత్రికల పేర్లూ వేయని పత్రికల పేర్లూ వచ్చే మహాసభ నివేదికలో నమోదు చేయాలని కార్యవర్గాన్ని సభ ఆదేశిస్తున్నది.